ఆంధ్ర ఎంగిలి, మద్రాసు ఫాస్ఫేటు

మానవజాతి కనిపెట్టిన వాటన్నిటిలోకీ గొప్పది చక్రం కాదు, నిప్పు కాదు, ఎంగిలి! నిప్పు అడవిలో తనంతట తానే పుడుతుంది. దొర్లే బండను చూసి చక్రం నేర్చుకోవచ్చు. కానీ ఒక లోటాకు ఒకడి పెదవి తగిలితే ఆ లోటా అప్పటినుంచీ ఇంకో రకం లోటా అయిపోతుందని తేల్చడానికి ఎంత మేధస్సు కావాలి!

ఈ విషయంలో నాకు చిన్ననాటి నుంచీ ఒక సందేహం ఉంది. కాళహస్తిలో ఆ బోయ భక్తుడు పుక్కిటి నిండా నీళ్ళు పట్టుకొనిపోయి స్వామి నెత్తిన ఉమ్మినాడని, స్వామి దాన్నే అభిషేకంగా తీసుకున్నాడని మా తిరుత్తణిలో హరికథ చెప్పేవాళ్ళందరూ చెప్తారు. మేమందరం చెంపలు వేసుకుంటాం. కథ అయినాక, ఏ చెయ్యి ఏ చేతికి తగులుతుందోనని ప్రసాదాన్ని జానెడు ఎత్తు నుంచి దోసిట్లో వదులుతారు. స్వామికి అంటనిది మనకెట్లా అంటుతుంది? ఈ మాట ఒకసారి మా నాయనను అడిగినాను. ఆయన మగ్గం మీది నుంచి తల ఎత్తకుండానే, "స్వామికి వేరే పనులు ఉంటాయిరా చౌడయ్యా. మనకి ఇదొక్కటే పని" అన్నాడు.

సందేహం తీరలేదు. దాన్ని మోసుకొనే పెద్దవాణ్ణయినాను, దేవకిని పెళ్ళి చేసుకొన్నాను, మగ్గం తమ్ముడికి వదిలి, రోజూ బస్సులో పోయి వచ్చేటట్టు తిరువళ్ళూరులో సర్కారు కొలువులో చేరినాను.

కొలువంటే కలెక్టరాఫీసు అనుకోకండి. రైలు స్టేషను వెనకాల ఒకప్పుడు బియ్యం మండీగా ఉండిన ఇంటిని బాడుగకు తీసుకొని, 'చక్కెర ఫాస్ఫేటుల తయారీ మరియు కొలత ప్రయోగ పథకం' అని బోర్డు కట్టినారు. బోర్డు ఎంత పొడుగంటే, మా గోడ చాలక 'పథకం' అనే మాట పక్కింటి గోడ మీదికి పోయింది. పక్కింటాయన తనకేదో పథకం మంజూరయిందని నమ్మి, అది ఎప్పుడు చేతికొస్తుందని వారం వారం వచ్చి అడిగేవాడు. ఇది పందొమ్మిదివందల యాభై ఏడు నాటి మాట. నేను అందులో తాత్కాలిక అటెండరును.

చక్కెర ఫాస్ఫేటు ఎందుకని మీరు అడుగుతారు. నేనూ అడిగినాను. మా ఆఫీసులో కొలతలన్నీ చేసే వనజాక్షమ్మ, మద్రాసులో కెమిస్ట్రీ చదివిన పిల్ల, ఓపికగా చెప్పింది.

"ప్రాణం ఉండే ప్రతిదాంట్లో ఎంజైములు ఉంటాయి అన్నా. మనం తిన్న చక్కెరను నడిపించేది అవే. అయితే చక్కెర ఊరికే పోయి నిలబడితే చాలావరకూ అవి ముట్టవు. దానికి ఫాస్ఫేటు తగిలించాల. అప్పుడే పని మొదలుపెడతాయి."

"సిఫారసు ఉత్తరం మాదిరా అమ్మా?"

"అట్లనే అనుకో."

అంతే, నాకు సైన్సు మొత్తం అర్థమయిపోయింది! ఒంటి లోపల కూడా సర్కారే నడుస్తున్నదన్నమాట.

తయారీ చెప్తాను. ఉర్లగడ్డలు, అదే బంగాళాదుంపలు, తురిమి రసం పిండాలి. అందులో గంజి, ఫాస్ఫేటు ఉప్పు కలిపి ఉంచితే, రసంలోని ఎంజైము గంజిని తుంచి ఒక్కొక్క చక్కెర ముక్కకూ ఫాస్ఫేటు అంటిస్తుంది. మిగిలిపోయిన ఫాస్ఫేటును తీసేయాలి. మిగిలిపోయిన గంజిని కరిగించాలి. ఆ మీదట స్పిరిట్ పోస్తే తెల్లటి స్ఫటికాలు అడుగున దిగుతాయి. మద్యనిషేధం ఉన్న రోజులు గదా, ఆ స్పిరిట్ బీరువాకు మా ఊరి బ్యాంకుకు కూడా లేనంత తాళం ఉండేది. చివరికి కొలత. స్ఫటికాలను నీళ్ళలో కరిగించి, ఫాస్ఫేటును పట్టిచ్చే మందు పోస్తే నీలం రాకూడదు. యాసిడ్లో ఉడికించి పోస్తే రావాలి. ఉడకకముందే నీలం తిరిగితే ఫాస్ఫేటు చక్కెరను వదిలి ఊరికే తిరుగుతున్నదని లెక్క. అంటే ఉడికేదాకా రంగు బయటపెట్టనిదే మేలు సరుకు. ఆఫీసుల్లోనూ అటువంటివారికే ప్రమోషన్లు.

ఈ పథకానికి అధిపతి డాక్టర్ దామోదరం గారు. లండనులో చదివి వచ్చినాయన. తిరువళ్ళూరు ఎండలో టై కట్టేది ఊరంతటికీ ఆయనొక్కడే. నోట్లో ఎప్పుడూ ఒక ఏలక్కాయ. ప్రతి సోమవారం మమ్మల్ని వరసగా నిలబెట్టి ఉపన్యాసం ఇచ్చేవాడు.

"ఈ గడప లోపల కులం లేదు! మడి లేదు! ఎంగిలి లేదు! వక్కాకు లేదు! ముక్కుపొడి లేదు! సైన్సు ఉంది!"

అది విని హెడ్ గుమాస్తా తిరుమలయ్య గారు నామాలు సర్దుకొని, "ఉండనీ సామీ. సైన్సు ఆ గదిలో ఉండనీ, నేను ఈ గదిలో ఉంటాను" అనేవాడు. ఆయన దాచుకొనే మనిషి కాదు. తన కుర్చీ తను తుడుచుకొని, తన నీళ్ళు తను తెచ్చుకొని, అడ్డం వచ్చినవాణ్ణి "దూరం జరుగప్పా" అని మర్యాదగానే అనేవాడు.

ఇట్లా నడుస్తుండగా కష్టం వచ్చింది. మిగిలిన గంజిని కరిగించేదానికి సీమ నుంచి ఒక పొడి రావాలి. దిగుమతి లైసెన్సు లేదని అది ఓడరేవులోనే ఆగిపోయింది. పొడి లేకపోతే గంజి కరగదు. గంజి కరగకపోతే స్ఫటికం దిగదు. స్ఫటికం దిగకపోతే పథకం ఎత్తేస్తారు. వనజాక్షమ్మ పుస్తకాలన్నీ తిరగేసి, తల వంచుకొని, మెల్లగా అన్నది.

"సార్, ఇంకో దారి ఉంది. మనిషి ఉమ్మి."

బయట పక్కింటాయన పథకం ఎప్పుడొస్తుందని అడుగుతున్న గొంతు వినపడింది.

డాక్టరు గారు టై సవరించుకొని, "సైన్సులో సిగ్గు లేదు!" అన్నారు. "లాలాజలానికి కులం లేదు! రాజుదైనా, కూలిదైనా ఒకే ఎంజైము!" ఆ తరువాత గొంతు తగ్గించి, "అయినా... ఎవరిది?" అన్నారు.

"నాది మాత్రం లేదు సామీ" అన్నాడు తిరుమలయ్య. "నా ఎంగిలి నా ఇంటి గడప దాటి ఎరగదు."

అటువంటి ప్రశ్న లేస్తే సర్కారు ఏం చేస్తుంది? ఉపసంఘం వేస్తుంది. 'లాలాజల ఎంపిక ఉపసంఘం'! డాక్టరు గారు అధ్యక్షులు, తిరుమలయ్య కార్యదర్శి, వనజాక్షమ్మ సభ్యురాలు. దాత మాంసం తినరాదు. వక్కాకు నమలరాదు, ఎందుకంటే వక్కలోని వగరు, సున్నం కలిసి ఎంజైమును చంపుతాయి. ముక్కుపొడి పీల్చరాదు. బూతులు మాట్లాడరాదు! ఈ కడపటిది తిరుమలయ్య గారు చేర్చినది. బూతులకూ గంజికీ సంబంధమేమని వనజాక్షమ్మ అడిగితే, "నోరు నోరే కదమ్మా" అన్నాడు.

ఊడ్చే వళ్ళియమ్మ బుగ్గలో ఎప్పుడూ ఆకు ఉంటుంది కాబట్టి ఆమె పోయింది. ఆడపిల్ల ఉమ్మి ముక్కూమొగం తెలియని మగవాళ్ళ సీసాలోకి పంపడం మర్యాద కాదని వనజాక్షమ్మను డాక్టరు గారే తీసేసినారు. మిగిలింది నేను. మా పాప కోకిలకు అమ్మవారు పోసి, ప్రాణం మీదికి వచ్చి తిరిగి లేచినప్పుడు, మా ఊరి కొండ మీది స్వామి తణికేశునికి మొక్కుకొని వక్కాకు వదిలేసినవాణ్ణి. అప్పటి నుంచి ఆకు ముట్టలేదు.

"ఒక ఆక్షేపణ ఉండాది" అన్నాడు తిరుమలయ్య. "ఈయన తిరుత్తణి మనిషి. తిరుత్తణి ఈనాటికి ఆంధ్రలో ఉంది. ఇది మద్రాసు రాష్ట్ర పథకం. పరాయి రాష్ట్రంలో ఊరిన ఎంగిలిని మన లెక్కలో ఎట్ల చూపేది?"

"ఇక్కడికి వచ్చినాక ఊరేదే గదా అయ్యవారూ ఇచ్చేది" అన్నాను.

"బస్సులో మింగకుండా తెచ్చింది ఎంత, ఇక్కడ ఊరింది ఎంత, ఎవురు తేల్చేది?"

ఉపసంఘం మధ్యాహ్నం దాకా తర్జనభర్జన పడి తీర్మానించింది. నేను బస్సు దిగి రాగానే వాకిట్లో, కార్యదర్శి చూస్తుండగా, ఆంధ్ర సరుకంతా కాలువలో ఉమ్మేయాలి. ఆ మీదట ఆవరణలో ఊరినది మాత్రమే మద్రాసు ప్రభుత్వ ఆస్తి!

ఆ రోజు నుంచి నేను లాలాజల దాతనయినాను. ఇంటికి పోయి చెప్తే దేవకి చేట కింద పెట్టేసింది.

"ఉమ్మేసేదానికి సర్కారు మనిషిని పెట్టుకుండాదా?"

"పెట్టుకుండాది. నిష్ఠ ఉండే మనిషి కావాలంట."

మా నేతగాళ్ళ వీధిలో పేరు పాకిపోయింది. మామలు, బావలు గుమిగూడి "చౌడయ్య ఎంగిలి ఢిల్లీ దాకా పోతాది" అని మురిసిపోయినారు. ఒక బావ అయితే, "మా ఎంగిలికి కూడా ఏదన్నా చూడు బావా" అని సిఫారసు అడిగినాడు.

నవ్వులాటకు చెప్పడం లేదు, పని జరిగింది. నా ఉమ్మి కలిపిన చిన్న సీసాలో గంజి కరిగిపోయింది, స్పిరిట్ పోయగానే సన్నటి ఉప్పులాంటి స్ఫటికాలు దిగినాయి. వనజాక్షమ్మ ఉడకక ముందు కొలిచింది, నీలం లేదు. ఉడికినాక కొలిచింది, నెమలి మెడలాంటి నీలం! "మేలు సరుకు అన్నా!" అని చప్పట్లు కొట్టింది. డాక్టరు గారు నా భుజం తట్టబోయి, చెయ్యి గాలిలోనే ఆపి, నమస్కారంగా మార్చి, "పెద్ద సీసా కూడా ఇట్లానే వస్తే నీ ఉద్యోగం ఖాయం చౌడయ్యా" అన్నారు.

ఆ పెద్ద సీసా ఢిల్లీలో ఒక గొప్ప పరిశోధన సంస్థకు పోవాలి. దాన్ని తీసుకుపోయేదానికి మద్రాసు నుంచి శివప్రకాశం గారనే పెద్ద అధికారి వస్తున్నారని తాకీదు వచ్చింది. నేను గాజు గిన్నెలో నా వంతు ఇచ్చి, మూత పెట్టి, పద్ధతి ప్రకారం అధ్యక్షులవారి ఆమోదానికి ఆయన బల్ల మీద పెట్టి ఇంటికి పోయినాను. మరునాడు పొద్దున, డాక్టరు గారు రాత్రే గిన్నె కలిపి ఉంచిన సీసాలో వనజాక్షమ్మ స్పిరిట్ పోసింది. స్ఫటికం దిగలేదు. ఎర్రటి ముద్ద దిగింది! మా వీధిలో అయితే పడుగుకు గంజి పెట్టేదానికి పనికొచ్చేది, అంత బాగా జిగురు!

డాక్టరు గారు సీసాను వెలుతురులో పట్టి చూసి, "వక్కాకు!" అని కేక వేసినారు. "చౌడయ్యా, నమిలినావు!"

"తణికేశుని సాక్షిగా ముట్టలేదయ్యా!"

"సైన్సులో ప్రమాణాలు చెల్లవు. రేపు శివప్రకాశం గారు వస్తారు. నీ నోటితోనే ఆయనకు చెప్పుకో. ఎల్లుండి నుంచి రానక్కరలేదు."

ఉద్యోగం పోతే మగ్గం ఉంది, తమ్ముడు కాళ్ళు కొంచెం ముడుచుకుంటే నాకూ చోటు దొరుకుతుంది. కానీ మొక్కు తప్పినవాడినని పేరు పడితే కొండ మెట్టు ఎట్లా ఎక్కేది? సాయంత్రం ఇంటికి పోతే ఆ మాట నాకంటే ముందే బస్సులో వచ్చేసింది. దేవకి దీపం తెచ్చింది.

"నోరు తెరువు."

తెరిచినాను. నాలుక కింద, బుగ్గల వెనక అంతా చూసింది.

"ఎర్రగా లేదే."

"అదే చెప్తాండాను!"

"అయినా సర్కారు చెప్తాండాది కదయ్యా" అని నిట్టూర్చింది. "సర్కారు ఊరికే చెప్తాదా? రేపు కృత్తిక, స్వామి దినం. పస్తుండు. స్వామికి తప్పు చెల్లించుకో."

ఇంటిది కూడా నమ్మలేదు! చేయని తప్పుకు పస్తుండి బస్సెక్కినాను. వాకిట్లో తిరుమలయ్య ఎదురు చూస్తుంటే అలవాటుగా ఆంధ్ర సరుకు ఉమ్మబోయినాను. నోరు ఎండిపోయి ఏమీ రాలేదు.

శివప్రకాశం గారు పదిగంటలకు వచ్చినారు. నలిగిన పంచె, చంకలో గొడుగు. వక్కాకు కథ అంతా విని, కోపం రాకుండా, పలచటి గంజి పోసిన గాజు గొట్టాలు వరసగా పెట్టించినారు.

"తలా ఒక గొట్టంలో ఉమ్మండి. కొంచెం సేపు ఆగి అయొడిన్ చుక్క వేస్తాం. గంజి మిగిలి ఉంటే నీలం తిరుగుతుంది. లేకపోతే లేదు. ఎవరి నోరు ఎట్లాంటిదో గొట్టమే చెప్తుంది."

"తలా ఒకటంటే... అందరూనా సార్?" అన్నారు డాక్టరు గారు.

"ఈ గడప లోపల కులం లేదు, మడి లేదని మీరే గదా నాకు జాబు రాసినారు!"

వనజాక్షమ్మ అటు తిరిగి, కొంగు అడ్డం పెట్టుకొని ఇచ్చింది. అయొడిన్ వేస్తే నీలం రాలేదు. నేను ఎట్లాగో నోరు పిండి నాలుగు బొట్లు ఇచ్చినాను. నాలుగే చాలినాయి, నీలం రాలేదు. వనజాక్షమ్మ "చూసినారా!" అని అరిచింది.

తరువాత తిరుమలయ్య గారు. ఆయన మొదట ఒప్పుకోలేదు. నలుగురూ బతిమాలితే ఆచమనం చేసి, తూర్పు తిరిగి నిలబడి, కళ్ళు మూసుకొని అర్పించినాడు. అదీ నీలం రాలేదు. అంతే, ఆయన మొహం వెలిగిపోయింది. "అందరికంటే నాదే శుభ్రంగా ఉన్నట్టుండాది! ఈ మాట రికార్డులో రాయండి!" అన్నాడు.

శివప్రకాశం గారు ఆఖరి గొట్టం డాక్టరు గారి ముందు పట్టినారు.

"నాకు జలుబు సార్."

"జలుబు ముక్కుకు గదా."

"నేను పర్యవేక్షణాధికారిని..."

"మీ నోటిని ఎవరు పర్యవేక్షిస్తారు?"

డాక్టరు గారు ఏలక్కాయ తీసి జేబులో వేసుకొని ఉమ్మినారు. అయొడిన్ అక్కరే లేకపోయింది. తెల్లటి గంజి దానంతట అదే పారాణి రంగు తిరిగింది! ఏలక్కాయ వాసన అడుగున ఇన్నాళ్ళూ దాక్కున్న తమలపాకు గుమ్మని గదంతా లేచింది.

"సార్, ఆ ముద్ద రంగే!" అన్నది వనజాక్షమ్మ.

డాక్టరు గారు టై కొనను మడిచి విప్పినారు. తరువాత అన్నారు.

"ఢిల్లీలో ఎంత పెద్దవాళ్ళు ఆ మూత తీస్తారు సార్! నా పేరుతో పోయే సీసాలో... ఒక అటెండరు ఎంగిలి... మనసు ఒప్పలేదు. ఆ గిన్నె పారబోసి, నాదే..."

"మరి లాలాజలానికి కులం లేదన్నారే?"

"లాలాజలానికి లేదు సార్. సీసా మీద పేరుకు ఉంది."

శివప్రకాశం గారు గొడుగు మీద ఆనుకొని కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వినారు. నవ్వు అయినాక, ఈ రాత్రి రైలుకు సరుకు లేకపోతే పథకం ఎత్తేస్తారని మెల్లగా చెప్పినారు. ఎందుకైనా మంచిదని సగం ద్రవం ఉమ్మి కలపకుండా పక్కన ఉంచినానని వనజాక్షమ్మ చెప్పింది. అందరూ నా వైపు తిరిగినారు. నా నోట్లో ఏముంది? పస్తుతో ఎండి, భయంతో ఎండి, సుద్దముక్కలా ఉంది.

"చింతకాయ తొక్కు తలుచుకో అన్నా!" అన్నది వనజాక్షమ్మ.

"నిమ్మకాయ ఊరగాయ! మా ఇంటిది, మూడేండ్లది!" అన్నాడు తిరుమలయ్య.

"పచ్చి మామిడికాయ... ఉప్పు, కారం అద్దుకొని..." అన్నారు డాక్టరు గారు దీనంగా. ఆయన నోరే ఊరినట్టుంది, మింగినారు.

వాళ్ళ నోళ్ళన్నీ ఊరుతున్నాయి, నాది తప్ప. "కొంచెం నీళ్ళు" అన్నాను. తిరుమలయ్య గారు లోపలికి పోయి తన ఇత్తడి చెంబు తెచ్చినాడు. నేను దోసిలి పట్టినాను. ఎన్నడూ ఆయన పైనుంచి పోస్తేనే నేను తాగింది. ఆయన పోయలేదు. చెంబు నా చేతిలో పెట్టినాడు. నేను అలవాటుగా తల వెనక్కి వంచి చెంబు పైకెత్తినాను.

"ఎత్తొద్దయ్యా!" అని అరిచినాడు. "ఎత్తి పోసుకుంటే నీళ్ళు గొంతులోకే పోతాయి, నోరు యాడ తడుస్తాది? అంచు కరుచుకొని తాగు!"

కరుచుకొని తాగినాను. నోట్లో నీళ్ళు ఊరినాయి. గిన్నె నిండింది.

సాయంత్రానికి సీసా అడుగున తెల్లటి స్ఫటికం దిగింది. ఉడకకముందు నీలం లేదు, ఉడికినాక నెమలి మెడ. శివప్రకాశం గారు నా ఉద్యోగం ఖాయం చేయమని అక్కడే నిలబడి రాసి, సీసాను పంచె కొంగులో చుట్టుకొని రైలెక్కినారు. సీసా మీద డాక్టరు దామోదరం గారి పేరే ఉంది. ఆయన దాన్ని స్టేషను దాకా సాగనంపి వచ్చినారు.

నేను బస్సుకు బయలుదేరేటప్పటికి తిరుమలయ్య గారు వసారాలో ఒక్కడే కూర్చొని ఉన్నాడు. పక్కన ఆ చెంబు, నేను తాగగా మిగిలిన నీళ్ళతో అట్లానే ఉంది. నాకు సిగ్గయింది.

"తోమి ఇస్తాను అయ్యవారూ. చింతపండు పెట్టి తోమితే..."

"కూర్చో" అన్నాడు. దూరం జరుగప్పా అనలేదు. రోడ్డు వైపు చూస్తూ చెప్పినాడు. "నీకు తెలియదులే. ఒక ఆడికృత్తిక తిరునాళ్ళకు కొండ మెట్ల మీద ఎండదెబ్బ తగిలి పడిపోయినాను. జనం దాటుకొని పోతాండారు. మీ నాయన తన చెంబు నా నోటికి ఆనించినాడు. పైనుంచి పోసే తెలివి ఆయనకు లేదా? ఉంది. అట్ల పోస్తే నేను మింగలేనని చూసినాడు. చెంబంతా నేనే ఎంగిలి చేసినాను. ఆయన ఎవురితోనూ అనలేదు, నేనూ అనలేదు."

మా నాయన నిజంగానే అనలేదు.

తిరుమలయ్య గారు వీధి అటూ ఇటూ చూసినాడు. పక్కింటాయన తప్ప ఎవరూ లేరు. చెంబు తీసుకొని, ఎత్తకుండా, అంచు పెదవులకు ఆనించి, మిగిలిన నీళ్ళు అడుగు దాకా తాగేసినాడు. మూతి తుడుచుకొన్నాడు.

"ఆ బాకీ తీరింది. ఇంక పో, బస్సు తప్పిపోతాది" అన్నాడు.